రెండు చిన్న రైలు దారులు

ఏటేటా ఉగాది సంచికకు ఈ ప్రాంతపు పాత సంగతి ఒకటి వ్రాసి ఇమ్మని సంఘంవారు మమ్ములను అడగడం, మేము సరేనని తల ఊపడం ఆనవాయితీ అయినది. హంపి మనకు దగ్గరలోనే ఉన్నది కనుక రాయల గురించి, రాతి రథం గురించి వ్రాసేవారికి లోటు లేదు. ఈసారి మేము రాజుల జోలికి పోదలచుకోలేదు. రెండు చిన్న రైలు దారుల కథ చెప్పదలచుకున్నాము.

ఒకటి మా పెద్దలు పుట్టి పెరిగిన సీమలోనిది. సముద్రపు గాలి తగిలే కాకినాడలో బయలుదేరి గౌతమీ తీరాన కోటిపల్లిలో ఆగుతుంది. 45 కిలోమీటర్లు, పాత లెక్కలో 28 మైళ్లు. రెండవది మేము స్థిరపడిన ఈ బళ్లారిలో బయలుదేరి రాయదుర్గం కొండ కింద ఆగుతూ వచ్చినది. అదీ సుమారు 33 మైళ్లే. దేశపు రైల్వే పటం ముందు పెట్టుకుంటే రెండూ గోటి గీరంత గీతలు. మెయిలు బండ్లలో పోయేవారికి వాటి పేర్లు కూడా తెలియవు.

అయినా వీటిని పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం ఒకటి ఉన్నది. మొదటిదాని పట్టాలను యుద్ధం ఊడబెరికించినది. రెండవదాని మీదుగా రెండు రాష్ట్రాల సరిహద్దు గీసినారు. ఊడబెరికిన దారి ఏమైనది, గీత పడిన దారి ఏమైనది అన్నదే మా కథ.

ముందు మేము ఎవరమో కొత్త పాఠకులకు చెప్పవలె. మాలో చాలామంది తండ్రులు, తాతలు గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు. తుంగభద్ర ఆనకట్టకు 1945లో పునాది పడినది. 1953 జూలైలో కాలువలకు నీరు వదిలినారు. అక్కడ డెల్టాలో ఎకరం అమ్మిన సొమ్ముకు ఇక్కడ పలు ఎకరాల రేగడి వస్తుందని విని, ఎడ్లు, ఇనప్పెట్టెలు, విత్తనపు మూటలు సర్దుకుని వచ్చినారు. సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతాలలో వారు గుడిసెలు వేసుకున్న చోటల్లా ‘క్యాంపు’ అన్న పేరు పడినది. ఆ పేర్లు నేటికీ పోలేదు. బెజవాడ వైపు పెద్ద గేజి బండి దిగి, గుంటూరు లైనులో చిన్న గేజి బండి ఎక్కి, నల్లమల దాటి, నంద్యాల, ద్రోణాచలం మీదుగా గుంతకల్లు చేరి, అక్కడ నుంచి బళ్లారికి వచ్చేవారు. ఆ ప్రయాణం చేసిన పెద్దలలో గోదావరి జిల్లావారు తమ వెంట మొదటి కథను తెచ్చినారు. కనుక దానితోనే మొదలు పెడతాము.

కాకినాడ 19వ శతాబ్దంలో పెరిగిన రేవు. అంతకు ముందు ఆ తీరాన పేరున్న రేవు కోరంగి. 1839 నాటి తుఫాను కోరంగిని చావుదెబ్బ కొట్టినది. ఆ తరువాత వ్యాపారం క్రమంగా కాకినాడకు చేరినది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాగా గోదావరి కాలువలలో పడవలు తిరగసాగినవి. వడ్లు, కొబ్బరి, బెల్లం అన్నీ పడవ మీదనే రేవుకు పోయేవి. ఆనకట్ట కట్టించిన కాటన్ దొర రైళ్ల కంటే కాలువలే చవక అని జీవితాంతం వాదించినవాడు. డెల్టాలో ఆయన మాట చాలాకాలం చెల్లినది. తూర్పు తీరం వెంట పెద్ద లైను పడి, సామర్లకోట నుంచి కాకినాడకు కొమ్మ వేసిన తరువాత కూడా లోపలి ఊళ్లకు పడవే గతి.

అయితే పడవకు ఒక లోపం ఉన్నది. ఏటా వేసవిలో కాలువలు కట్టివేస్తారు. అప్పుడు పడవ ఒండ్రులో కూర్చుంటుంది. అదీగాక పడవలో పోయేవానికి పొద్దు లెక్కే గాని గంట లెక్క లేదు. కాకినాడలో కోర్టులు, కచ్చేరీలు, కళాశాల ఉన్నవి. వాయిదాకు పోవలసిన కక్షిదారుకు, పరీక్షకు పోవలసిన పిల్లవానికి గంట లెక్క కావాలి.

1928లో కాకినాడ–కోటిపల్లి దారి తెరవడంతో ఆ గంట లెక్క వచ్చినది. కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా బండి పోయేది. ఇరువైపులా వరిచేలు, గట్టు మీద తాళ్లు, మధ్య మధ్య కాలువల మీద చిన్న వంతెనలు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడు, కోటిపల్లిలో సోమేశ్వరుడు ఉన్నారు కనుక శివరాత్రికి ఆ బండిలో కాలు పెట్టడానికి చోటు ఉండేది కాదని పెద్దలు చెప్పేవారు. కోటిపల్లి రేవులో పడవ ఎక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం, అంటే కోనసీమ. పేరుకు కోటిపల్లితో ఆగిన ఆ దారి నిజానికి కోనసీమ వాకిలి దాకా పోయినదన్న మాట.

ఆ వాకిలి పన్నెండేళ్లే తెరిచి ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చినది. యుద్ధానికి ఇనుము కావలె, పట్టాలు కావలె. దేశమంతటా ఆదాయం తక్కువ అనుకున్న కొమ్మ లైన్లను ఏరి, వాటి పట్టాలు తీసి యుద్ధపు పనులకు పంపినారు. 1940లో కోటిపల్లి దారి వంతు వచ్చినది. పట్టాలు పోయినవి; మట్టి కట్ట మాత్రం మిగిలినది. ఆ కట్ట మీద పశువులు మేసినవి, పిల్లలు బడికి నడిచినారు, వాన కాలంలో పొలాలు మునిగినప్పుడు జనం ఎక్కి నిలిచినారు. యుద్ధం 1945లో ముగిసినది. రైలు మాత్రం తిరిగి రాలేదు. స్వరాజ్యం వచ్చినది, ఆంధ్ర రాష్ట్రం వచ్చినది, ఆంధ్ర ప్రదేశ్ వచ్చినది. కోటిపల్లికి రైలు రాలేదు.

పట్టాలు తిరిగి పడి బండి నడిచినది 2004లో. 1940 నుంచి లెక్కిస్తే 64 ఏళ్లు. పన్నెండేళ్లు నడిచిన దారి అరవై నాలుగేళ్లు పడుకున్నది. మొదటి బండిలో తల్లి ఒడిలో కూర్చుని పోయిన పిల్లవాడు, రెండవ మొదటి బండి వచ్చేనాటికి మనుమల చేయి పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడవలసిన ముసలివాడు. అదీ వెనకటి రైలు కాదు. ఒకే పెట్టె ఉన్న రైలు బస్సు. కోటిపల్లి నుంచి గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు దాటించి నరసాపురం దాకా ఈ దారిని పొడిగించవలెనని 2000–01లో మంజూరు అయినది. అమలాపురం నుంచి ఎన్నికై లోకసభకు స్పీకరైన జి. ఎం. సి. బాలయోగి గారు ఇందుకు గట్టిగా పూనుకున్నారు. ఆయన 2002లో హెలికాప్టరు ప్రమాదంలో కన్నుమూసినారు. మంజూరై రెండు దశాబ్దాలు దాటినా రైలు ఆ పాయలు దాటలేదు.

ఈ కథ ఎరిగిన మా పెద్దలలో ఒకరు 1950లలో బళ్లారి వచ్చిన కొత్తలో స్టేషనులో రాయదుర్గం బండిని చూసి, “ఇది ఎంతలేసి బండి అయితే ఏమిటిరా, పట్టాలు పీకకుండా ఉంటే అదే పదివేలు” అన్నారట. ఆ మాట మా ఇళ్లలో సామెత అయిపోయినది. ఇక ఆ బండి కథకు వస్తాము.

కాకినాడ దారికి పుట్టుక పంట వల్ల అయితే, బళ్లారి దారులకు పుట్టుక కరువు వల్ల.

మద్రాసు రైల్వేవారు వేసిన వాయవ్యపు లైను 1871లో రాయచూరు చేరి, బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసినది. ఆ రోజులలోనే గుంతకల్లు నుంచి బళ్లారికి ఒక కొమ్మ పడినది. బళ్లారిలో దండు ఉన్నది, పత్తి వ్యాపారం ఉన్నది. అంతటితో చాలుననుకున్నారు. బళ్లారికి పడమట, దక్షిణాన బండి చక్రం తప్ప వేరే చక్రం లేదు.

1876లో వానలు పోయినవి. అది ధాత నామ సంవత్సరం కనుక పెద్దలు దానిని ధాత కరువు అనేవారు. 1878 దాకా సాగిన ఆ కరువులో బళ్లారి జిల్లా పడిన బాధ చెప్పనలవి కాదు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య జిల్లా జనసంఖ్య పెరగకపోగా బాగా తరిగిపోయినది. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. ధాన్యం అసలే రాలేదని కాదు. మద్రాసు రేవు నుంచి రైలు మీద వచ్చినది. పట్టాలు ఎంతవరకు ఉన్నవో అంతవరకు వచ్చినది. అక్కడ నుంచి ఊళ్లకు తీసుకుపోవలసినవి ఎడ్లబండ్లు. గడ్డి లేక, నీరు లేక ఎడ్లు ముందే చచ్చినవి. స్టేషనులో బస్తాలు, ముప్పయి మైళ్ల అవతల ఆకలి. మధ్య నడిచే కాలు లేదు. మంచి ఏళ్లలో ఎడ్లబండికి ముప్పయి మైళ్లు రెండు రోజుల పని. కరువు ఏట అది దాటలేని దూరం.

1880లో కరువు కమీషనువారు ఇచ్చిన నివేదికలో, కరువు సీమలకు రైలు వేయడం ప్రాణరక్షణ పని అని తేల్చినారు. 1882లో దక్షిణ మరాఠా రైల్వే అనే కంపెనీ ఏర్పడినది. తక్కువ ఖర్చుతో ఎక్కువ దూరం పోవడానికి మీటరు గేజి ఎంచుకున్నారు. పెద్ద గేజిలో పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు. మీటరు గేజిలో వెయ్యి. 1880ల దశకంలోనే బళ్లారి నుంచి హోస్పేట, గదగు మీదుగా హుబ్బళ్లికి పట్టాలు పడినవి. వాటితో కలపడానికి అంతకు ముందున్న గుంతకల్లు–బళ్లారి పెద్ద గేజిని కూడా మీటరు గేజిగా కుదించినారు. నూరేళ్ల తరువాత దానినే మళ్లీ వెడల్పు చేయవలసి వచ్చినది!

ఆ లైను పడమట ఆగలేదు. బ్రిటిషువారికి, పోర్చుగీసువారికి 1878లో జరిగిన ఒడంబడిక ప్రకారం గోవాలో మోర్ముగావు రేవు నుంచి రైలు వేసి, 1888లో క్యాజిల్ రాక్ వద్ద ఈ లైనుతో కలిపినారు. ఆ విధంగా నాలుగు దిక్కులా నేల తప్ప నీరెరుగని బళ్లారికి ఒక సముద్రం దొరికినది. కాకినాడ సముద్రం వదిలి వచ్చిన మావంటివారికి ఈ సంగతి తెలిసినప్పుడు కొంత ఊరట కలిగినదని ఒప్పుకుంటాము.

పెద్ద లైను పడిన తరువాత దాని నుంచి లోపలి తాలూకాలకు కొమ్మలు వేయడం మిగిలినది. హోస్పేట నుంచి కొట్టూరుకు ఒకటి, బళ్లారి నుంచి రాయదుర్గానికి ఒకటి. 1905 నాటికి రెండూ నడకకు వచ్చినవి. రెండూ మీటరు గేజి కొమ్మలే. రెండూ చివర మూసుకుపోయిన వీధుల వంటివే.

రాయదుర్గం అప్పటికి బళ్లారి జిల్లాలోని తాలూకా. నిజాము 1800లో ఈ సీమను కుంపిణీకి వదిలిన తరువాతి కాలంలో ఆ ఊరివారికి జిల్లా అంటే బళ్లారే. కచ్చేరీకి బళ్లారి, కోర్టుకు బళ్లారి, పత్తి అమ్మడానికి బళ్లారి, పెండ్లి చీరలకు బళ్లారి. రైలు రాకముందు ఈ ముప్పయి మూడు మైళ్లు రేగడి నేల మీద ఎడ్లబండిలో పోవలె. వాన పడితే చక్రానికి మట్టి చుట్టుకుని బండి కదలదు. వాన పడకపోతే దారిలో ఎడ్లకు నీరు దొరకదు. రైలు ఈ రెండు బాధలూ తీర్చినది. పొద్దున పోయి, పని చూసుకుని, సాయంకాలానికి ఇల్లు చేరడం అలవాటైనది.

బళ్లారి ఆనాడు తెలుగువారికి ఎంతటి ఊరో వేరే చెప్పనక్కరలేదు. ఆంధ్ర నాటక పితామహులు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు ఇక్కడి వకీలు. కోలాచలం శ్రీనివాసరావు గారు ఇక్కడి వకీలు. బళ్లారి రాఘవ గారు, ఆయనా ఇక్కడి వకీలే. పగలు కోర్టులో వాదించి రాత్రి రంగం మీద రాజులై వెలిగినవారు. తెలుగు, కన్నడం రెండూ ఈ ఊరి వీధులలో ఒకే నోట వినవచ్చేవి. ఒకే వాక్యంలో కూడా వినవచ్చేవి. ఏ భాష ఎక్కడ ఆగినది, ఏది ఎక్కడ మొదలైనది అని ఎవరూ కొలవలేదు. కొలవవలసిన రోజు తరువాత వచ్చినది.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ఆత్మార్పణ చేసినారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతుందని ప్రధాని నెహ్రూ గారు నాలుగు రోజులకు ప్రకటించినారు. మరి బళ్లారి జిల్లా ఎవరికి? జిల్లాలోని పది తాలూకాలను పంచవలసి వచ్చినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు. హోస్పేట, సండూరు, సిరుగుప్ప, కూడ్లిగి, హడగలి, హరపనహళ్లి మైసూరుకు అని తేలినది. బళ్లారి తాలూకా ఒక్కటి తేలలేదు. దానిని విచారించడానికి హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్. ఎస్. మిశ్రా గారిని నియమించినారు. ఆ నెలలలో రెండు పక్షాలవారూ అర్జీలు, లెక్కలు, ఊరేగింపులతో ఊరును హోరెత్తించినారు. నిన్నటి దాకా ఒకే అరుగు మీద కూర్చున్నవారు అరుగులు మార్చినారు. చివరకు బళ్లారి మైసూరుకే చెందవలెనని నిర్ణయమైనది. విజయ నామ సంవత్సరంలో, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినది. ఆ రోజే బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరినది. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిసినవి.

ఇప్పుడు రైలు సంగతి చూడండి. సెప్టెంబరు 30న రాయదుర్గం నుంచి బళ్లారికి పోయిన బండి ఒకే జిల్లాలో, ఒకే రాష్ట్రంలో నడిచినది. మరునాడు అదే బండి, అదే దారిలో, అదే చార్జీకి రెండు రాష్ట్రాలలో నడిచినది. ఇంజనుకు ఆ తేడా తెలియదు.

మనుషులకు తెలిసినది. అంతవరకు బళ్లారి కచ్చేరీకి పోయిన రాయదుర్గంవారు ఇక అనంతపురం పోవలె. అనంతపురం గుంతకల్లు–బెంగుళూరు లైను మీద ఉన్నది. రాయదుర్గం రైలుకు ఉన్న వాకిలి బళ్లారి ఒక్కటే. కనుక రైలు మీద పోదలచినవాడు రాయదుర్గంలో ఎక్కి, మైసూరు రాష్ట్రంలోని బళ్లారిలో దిగి, అక్కడ నుంచి గుంతకల్లు పోయి, గుంతకల్లులో బండి మారి అనంతపురం చేరవలె. తన జిల్లా కేంద్రానికి పోవడానికి పక్క రాష్ట్రం గుండా పోవలసిన తాలూకా అది! మిశ్రా గారి ముందు ఎన్ని లెక్కలు పెట్టినారో గాని, పట్టాలు ఎవరి మాటా వినలేదు. అవి వేసిన చోటనే ఉన్నవి.

ఆ రోజులలో జరిగిన ముచ్చట ఒకటి మా పెద్దలు చెప్పేవారు. రాయదుర్గం నుంచి గుడ్డల సరుకు కోసం వచ్చే వ్యాపారి ఒకాయనతో, కోస్తా నుంచి వచ్చిన మావారొకరు స్టేషనులో పరాచికం ఆడినారట.

“ఏమండీ బావగారూ, బళ్లారి మైసూరుకు పోయినది గదా! ఇక మీరు పరాయి రాష్ట్రానికి సరుకుకు వస్తున్నారన్న మాట.”

ఆయన మూట భుజాన వేసుకుంటూ, “బళ్లారి యాడికి పోయిందన్నా? పొద్దున బండెక్కితే ఈడనే ఉండాది” అన్నాడట.

మేము చదివిన సరిహద్దు చరిత్రలలో ఇంత సూటి మాట కనిపించలేదు.

ఆ మాట తమాషాకు అన్నది కాదు. బండి ఉన్నది కనుక బళ్లారి వారికి పరాయిది కాలేదు. సంబంధాలు తెగలేదు, కొత్తవి కలిసినవి. రాయదుర్గం పిల్ల బళ్లారికి కోడలుగా వచ్చినది, బళ్లారి పిల్ల రాయదుర్గానికి పోయినది. కాన్పుకు పుట్టింటికి పోయే పిల్లను బండిలో కూర్చోబెట్టి పంపినారు. రెండు వైపులా లారీలు వాణిజ్య పన్ను తనిఖీ గేట్ల వద్ద గంటల తరబడి ఆగేవి. 2017లో కొత్త పన్ను వచ్చేవరకు ఆ గేట్లు పోలేదు. బండిలో బియ్యపు మూట మీద కూర్చున్న ముసలమ్మను మాత్రం ఏ రాష్ట్రమూ ఆపలేదు.

పట్టాల యజమానులు కూడా మారుతూ వచ్చినారు. దక్షిణ మరాఠా కంపెనీ 1908లో మద్రాసు రైల్వేతో కలిసి ఎం. ఎస్. ఎం. అయినది. 1944లో దానిని ప్రభుత్వం తీసుకున్నది. 1951లో దక్షిణ రైల్వే ఏర్పడినది. ఇప్పుడు ఈ దారి హుబ్బళ్లి కేంద్రంగా 2003లో ఏర్పడిన నైరుతి రైల్వేలో ఉన్నది. బోర్డు మీద అక్షరాలు మారినవి. దారి మారలేదు.

తుంగభద్ర నీటికి కూడా ఇదే నీతి వర్తించినది. రాష్ట్రం చీలిన ఏడే, 1953లో, తుంగభద్ర బోర్డు ఏర్పడినది. ఎగువ కాలువ బళ్లారి పొలాలు తడిపి, సరిహద్దు దాటి అనంతపురం జిల్లాకు పోతున్నది. నీటి పంపకం మీద తగాదాలు లేవని కాదు, ఉన్నవి. కాని కాలువ పూడ్చవలెనని ఏ పక్షమూ అనలేదు. తగాదా పడడానికైనా కాలువ ఉండవలె గదా!

సరిహద్దు రాళ్ల సంగతి వేరు. రాయదుర్గం దారికి దగ్గరలో ఓబుళాపురం కొండలు ఉన్నవి. అందులోది మేలైన ఇనుప ఖనిజం. 2000 తరువాతి దశకంలో ఆ ఖనిజానికి ధర పెరిగి, రెండు రాష్ట్రాల మధ్య హద్దు ఎక్కడ ఉన్నదన్న వివాదం లేచినది. హద్దు గుర్తులు చెరిపినారన్న అభియోగం కోర్టులకు ఎక్కినది. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాలు నిలుపవలెనని ఆజ్ఞాపించినది. మనుషులు తగవులాడి, కమీషన్లు వేసి, ప్రాణాలు ఒడ్డి గీయించుకున్న గీత అరవై ఏళ్లు తిరగకముందే ఎక్కడ ఉన్నదో వెదుకవలసి వచ్చినది. దాని పక్కనే 1905 నాటి రైలు కట్ట ఎక్కడ ఉన్నదని మాత్రం ఎవరూ వెదుకలేదు.

1990ల దశకంలో ఈ దారికి రెండు మేళ్లు జరిగినవి. మీటరు గేజి పోయి పెద్ద గేజి రావడం ఒకటి. రాయదుర్గం నుంచి చిత్రదుర్గం వైపు కొత్త పట్టాలు పడి, చిక్కజాజూరు వద్ద హుబ్బళ్లి–బెంగుళూరు లైనుతో కలవడం రెండవది. మూసుకుపోయిన వీధి రెండు వైపులా తెరుచుకున్నది. ఆ తరువాత తుమకూరు దారి పనిలో భాగంగా రాయదుర్గం నుంచి కళ్యాణదుర్గం వైపు కూడా పట్టాలు పడినవి. నష్టమని 1905 కొమ్మను నడుమ ఎప్పుడో పీకి ఉంటే, ఈ కొత్త దారులను దేనికి కలిపేవారు?

ఇక్కడనే రెండు కథలూ ఒక చోటికి వస్తున్నవి. కాకినాడ–కోటిపల్లి దారికి సరిహద్దు బాధ లేదు. ఆనాడు ఒకే జిల్లా, ఒకే భాష, పచ్చని పొలాలు, నిండు జనం. అయినా పట్టాలు పోయినవి కనుక 64 ఏళ్లు లేకుండా పోయినది. రాయదుర్గం దారికి అన్నీ బాధలే: ఎండు నేల, తక్కువ ఆదాయం, చీలిన జిల్లా, రెండు ప్రభుత్వాలు. అయినా పట్టాలు ఉన్నవి కనుక బ్రతికినది. బ్రతికినది కనుక పెరిగినది. చిన్న దారిని తీసివేయడానికి కొద్ది నెలలు చాలును. తిరిగి తేవడానికి ఒక మనిషి ఆయుష్షు కావలె. లాభనష్టాల లెక్క వేసేవారు ఈ లెక్క కూడా వేయవలె. ఒక ఏటి చిట్టాలో నష్టంగా కనిపించినది, ధాత వంటి ఏడు వచ్చినప్పుడు ప్రాణం అవుతుంది.

మాలో కొందరు, “ఇప్పుడు బస్సులు ఉన్నవి, మోటారు సైకిళ్లు ఉన్నవి, ఈ ప్యాసింజరు బండ్లు ఎవరికి?” అంటారు. నిజమే, బస్సు త్వరగా పోతుంది. అయితే ఉదయపు బండి వచ్చే వేళకు బళ్లారి స్టేషనుకు ఒకసారి పోయి చూడండి. కుట్టుపని కార్ఖానాలకు వచ్చే ఆడవారు, ఆసుపత్రికి వచ్చే ముసలివారు, కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలు దిగుతారు. బస్సు చార్జీలో సగం కూడా పెట్టలేనివారు వారిలో ఎందరో ఉన్నారు. ఆ పెట్టెలో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ ఒకేసారి వినిపిస్తాయి. ధర్మవరం వారి నాటి బళ్లారి వీధి నేడు ఎక్కడ ఉన్నదంటే, ఆ పెట్టెలో ఉన్నదని మేము చెప్పగలము.

మన పిల్లలకు ఈ రెండు కథలూ చెప్పవలెనని మా కోరిక. వారు ఇక్కడ పుట్టినారు, కన్నడంలో చదువుతున్నారు. అందులో తప్పు ఏమీ లేదు, ఈ నేల మనకు అన్నం పెట్టినది. కాని కోటిపల్లి ఎక్కడ ఉన్నదో వారికి తెలియదు. రాయదుర్గం గంటన్నర దూరంలో ఉన్నా చూడలేదు. పుట్టిన సీమకు, మెట్టిన సీమకు నడుమ మనం వేసుకున్న దారి కూడా చిన్నదే. ఏడాదికి ఒక పెండ్లి, ఒక ఉత్తరం, ఒక ఉగాది సంచిక. దానినీ లాభం లేదని వదిలివేస్తే తిరిగి వేయడం మన చేత కాదు.

ఉగాది ఈ సరిహద్దుకు రెండు వైపులా ఒకే నాడు వస్తుంది. మనం పచ్చడి అంటాము, వారు బేవు బెల్ల అంటారు. వేపపువ్వు చేదు రెండింటిలోనూ ఒకటే. ఈ పండుగ సెలవులలో సంఘ సభ్యులు పిల్లలను వెంటబెట్టుకుని ఒకసారి రాయదుర్గం బండి ఎక్కవలెనని మనవి చేస్తున్నాము. కొండ ఎక్కి కోట చూడండి, సాయంకాలపు బండిలో తిరిగి రండి. వచ్చే వేసవిలో కోస్తాకు పోయినప్పుడు ద్రాక్షారామం, కోటిపల్లి కూడా చూపించండి. చిన్న దారులకు మనవంటివారు చేయగల సేవ పెద్దది ఏమీ కాదు. టిక్కెట్టు కొని ఎక్కడమే.